చోడంబలి, రాజ్‌మా, మా కడుపు

డిగ్రీకని పాడేరు కొండ దిగి విశాఖపట్నంలో గది తీసుకున్న ఏడాదే మా అక్కాచెల్లెళ్లిద్దరికీ కడుపు చెడింది. పరీక్ష రోజున మరీను. మా నెంబరు ఏ గదిలో పడిందో చూసుకునే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకునేవాళ్లం. ఎవరికి చెబుతాం? నవ్వుతారని ఊరుకున్నాం. ఇంటికెళ్తే ఎవరిదో దిష్టి అన్నారు.

చివరికి డాక్టరు పరీక్షలన్నీ చేయించి, అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఇది ఐబీఎస్ అన్నారు. పేగులో పుండుండదు, అలాగని నొప్పి అబద్ధమూ కాదు. పేగుకీ మెదడుకీ మధ్య నడిచే కబురు తేడా పడుతుందట. భయపడితే కడుపు కదిలేది అందుకే. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా మాత్రం ఇదేలే అని సరిపెట్టుకోవద్దన్నారు.

నెలరోజులు తిన్నదీ, పడనిదీ నోటుబుక్కులో రాశాం. పరగడుపున పాలటీ, మైదా పరోటా, ఉల్లి దట్టించిన కూర దొరికిపోయాయి. అమ్మ పంపిన చోడిపిండితో అంబలి కాచుకుంటే హాయిగా ఉండేది. మన తిండంతా మంచిదే అని రాయాలనుంది గానీ, మన కొండ రాజ్‌మాయే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది! ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించి, గుప్పెడే తింటాం. వేళకు తింటాం, సాయంత్రం నడుస్తాం.

జబ్బు పూర్తిగా పోలేదు. దిగులు పడితే తిరగబెడుతుంది. మాలో పెద్దది ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు. మొన్న పరీక్ష మధ్యలో ఒక పిల్ల మూడోసారి బయటికెళ్తానంటే, ఎందుకని అడగకుండా వెళ్లమంది.