ముగ్గుమీది మచ్చ

ఇల్లాలి కంటబడని మచ్చ యింటిలో నుండదని పెద్దలందురు. మచ్చ కంటబడుట యొక యెత్తు. దానిని నోట జెప్పి, చెప్పినదానిని పట్టుబట్టి సాధించుట మఱియొక యెత్తు. ఈ రెండవదానియందు మాకు గలిగిన లోపమును, దానివలన నేర్చిన పాఠమును మీతో జెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది బాపట్లకు చేరువనున్న పల్లె. మావారు ఉన్నత పాఠశాలలో గణితము బోధింతురు. మాకొక పాత చిన్నకారు గలదు. అది విలాసమునకు గొన్నది కాదు. మా యత్తగారికి మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మారులు, మంగళ శుక్రవారములయందు, గుంటూరునకు బోయి డయాలసిస్ చేయించుకొనవలసియున్నది. బస్సులో గూర్చుండు నోపిక యామెకు లేదు. కావున ఆ కారు మా యింట వాహనము కాదు, ఔషధము.

గత చైత్రమాసమున నొక యుదయము వాకిట ముగ్గు వేయుచుండగా, కారు నిలుచుచోట పచ్చని మచ్చ యొకటి కానవచ్చెను. వ్రేలితో దాకి చూడగా జిడ్డుగా నుండి తియ్యని వాసన వేసెను. మావారికి జెప్పితిమి. "ఏసీ నీళ్లు కారివుంటాయిలే" అని బడికి బోయిరి. ఏసీ నీటికి రంగును వాసనయు నుండవని మాకు దోచకపోలేదు. అయినను యంత్రముల గొడవ మనకేల యని యూరకుంటిమి. మూడు వారములు ఆ మచ్చమీదనే ముగ్గు వేసితిమి.

నాల్గవ వారము మంగళవారమున గుంటూరునుండి తిరిగి వచ్చుచుండగా, ఇంజను వేడిని జూపు ముల్లు ఎఱ్ఱగీటును దాటెను. కారు ముందుభాగమునుండి యావిరి లేచెను. మావారు బండి నాపి, ముందుమూత యెత్తి, రేడియేటరు బిరడా త్రిప్పబోయిరి. మేము చప్పున చేయి పట్టుకొని యాపితిమి. "కుక్కరులో ఆవిరి దిగకముందే మూత తీస్తామా?" అంటిమి. ఆ మాట సరియైనదేయని పిమ్మట దెలిసెను. ఇంజను చుట్టును దిరుగు నీరు మూసిన గొట్టములలో నొత్తిడికి లోబడియుండుటచే నూరు డిగ్రీలు దాటినను మరుగక నిలుచును. బిరడా వదులైనంతనే యొక్కపెట్టున మరిగి మొగమునకు జిమ్మును.

బాటప్రక్క వేపచెట్టు నీడన ముప్పావుగంట గూర్చుంటిమి. అప్పుడు మా యత్తగారు మెల్లగా, "అమ్మాయీ, నా కాళ్లవాపు కూడా ఇలాగే మొదలైంది. చెప్పాను కదా, పెద్దతనంవల్ల అన్నారు" అనిరి. నాడు ఆ మాట యన్నది మఱెవ్వరో కాదు, మేమే. బదులు పలుకుటకు నోరాడలేదు. చల్లారిన పిమ్మట త్రాగునీరే పోసి, నడుమనడుమ నాగుచు, ఎట్లో యిల్లు చేరితిమి.

మఱునాడు మెకానిక్కు వచ్చి, రేడియేటరు తొట్టి యతుకుచోట బగిలినదనియు, అంటించిన నిలువదనియు, క్రొత్తది వేయుటకు పదిదినములవఱకు దనకు దీఱదనియు జెప్పెను. ఈలోపల మూడు ప్రయాణములకు అద్దెకారు కుదుర్చుకొన్నచో, ఆ సొమ్ము క్రొత్త రేడియేటరు వెలనే మించును. మావారు ఆ సాయంకాలమే గుంటూరు వెడలి తగిన రేడియేటరు గొనితెచ్చిరి. గురువారము ఒంటిపూట బడి ముగియగానే మే మిరువురము పనికి బూనితిమి.

కారుతో వచ్చిన పుస్తకమును మావారు చదివి యర్థము చెప్పగా, వంటలు వ్రాసికొను పుస్తకములోనే మేము వరుస వ్రాసికొంటిమి. ఇంజను చల్లగా నుండగనే మొదలిడవలెను. ఫ్యాను తనంతట దిరుగకుండ ముందుగా బ్యాటరీ తీగ విప్పవలెను. పిమ్మట పళ్లెము పెట్టి, అడుగు బిరడా తీసి, పచ్చని కూలెంటును దింపవలెను. సోదరీమణులారా, ఇది హాలాహలమని యెఱుగుడు. అందలి ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండుటచే కుక్కలును పసిబిడ్డలును నాకుదురు. కొంచెము కడుపులోనికి బోయినను మూత్రపిండములను జెఱచి ప్రాణము దీయగలదు. ఆ సంగతి చదివి, మూడు వారములు వాకిట దానిని ముగ్గుతో గప్పిన మా చేతిని జూచుకొని వణకితిమి. దానిని కాలువలో బోయక, డబ్బాలో బిగించి మెకానిక్కు కప్పగించితిమి.

విప్పిన బోల్టులు కలిసిపోకుండ పాత పోపులపెట్టెలో, ఏ తావువి ఆ గిన్నెలో వేసితిమి. క్రింది రబ్బరుగొట్టము మాత్రము ఎంత లాగినను రాలేదు. లాగిన జిరుగును. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను జుట్టి, బిగిసిన సీసామూతను వలె మెల్లగా మెలిత్రిప్పితిమి, ఊడివచ్చెను. మావారు నవ్వి, "రథానికి వేలు అడ్డుపెట్టిన కైకవు నువ్వు! రెండు వరాలు అడుగుతావు కాబోలు" అనిరి. "ఒక్కటి చాలు. పని కానివ్వండి" అంటిమి.

ఫ్యానును క్రొత్త రేడియేటరునకు బిగించి, దానిని రబ్బరు దిమ్మలపై నిలిపి, గొట్టములు తొడిగి క్లాంపులు బిగించితిమి. మా బోరునీరు కాచినగిన్నెకు తెల్లని పొర గట్టును. అట్టి నీరు రేడియేటరు సన్నగొట్టములను బూడ్చును గనుక, శుద్ధిచేసిన బ్యాటరీ నీరు సగము, కూలెంటు సగము గలిపి పోసితిమి. బ్యాటరీ తీగ మఱల దగిలించి, బిరడా తీసియుంచియే యింజను నడుపగా, లోపలి గాలి బుడగలై వెడలెను. మట్టము దిగినకొలది మఱికొంత పోసితిమి. పైగొట్టము వెచ్చనై, ఫ్యాను తిరిగెను. అంతలో క్రింది క్లాంపునుండి చుక్కలు రాలుట మేమే చూచితిమి. ఈమాఱు ఊరకుండక పలికితిమి. మావారు వెంటనే యింజను నాపి, చల్లారినపిదప బిగించిరి. రాత్రి కారుక్రింద వార్తాపత్రిక పఱచితిమి. తెల్లవాఱి చూడగా నది పొడిగా నుండెను.

శుక్రవారమున గుంటూరు చేరువఱకు మా చూపు ఆ ముల్లుమీదనే. అది నడిమిగీటు దాటలేదు. ఆసుపత్రి వాకిట అత్తగారిని దింపుచు మా వరము గోరితిమి: "ఇంట్లో ఎవరు ఏ చిన్నమాట చెప్పినా, ఆ రోజే ఒకసారి వంగి చూడాలి." మావారు సరేయనిరి. ఆ వరము వారొక్కరిని గోరినది కాదు. మాకు మేము విధించుకొన్న వ్రతము. ఆ రాత్రి మొదలు అత్తగారి పాదములను దీపము వెలుగున జూడక మేము నిదురించుట లేదు.