ఆడువారికి వేటజోళ్లు

మా చెల్లెలు నల్లమలలోని అమరాబాదు పులుల అభయారణ్యమున బీట్ ఆఫీసరుగా చేరినది. ఈ యుద్యోగము కోరు పురుషులు నాలుగు గంటలలో 25 కిలోమీటర్లును, స్త్రీలు 16 కిలోమీటర్లును నడచి చూపవలెను. ఆమె నడచి చూపినది. కాని చేరిన మూడవ నెలలోనే రెండు మడమలును బొబ్బలెక్కి మా యింటికి వచ్చినది. దోషము నడకది కాదు, జోళ్లది. అవి మగవారి కొలతవి. ముందు భాగము సరిపోవును, మడమ వద్ద వదులు. అడుగడుగునకు మడమ లేచి ఒరసికొనును.

మంచి జత కొనవలెనని అమీర్‌పేట, పంజాగుట్ట అంగళ్లను రెండు దినములు తిరిగితిమి. ఒక అంగడివాడు "హంటింగ్ బూట్లు" అని గట్టి జత నొకదానిని తీసి చూపెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మన దేశమున వేట నేరమైనది గదా! ఆ పేరు జోళ్లకు మాత్రము మిగిలినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా పులివేటలకు ప్రసిద్ధుడు. నేడు పులిని కాచు పిల్లకు వేటజోళ్లు కావలసివచ్చినవి. ఇది మాకు సంతోషమే. ఆడువారి కొలత కలదా యని యడుగగా, "లేడీస్ సైజు రాదమ్మా, ముందట కొంచెం దూది పెడితే సరిపోతది" అనెను.

పాదరక్షలు ఆడుదాని కొరకే పుట్టినవని యాతడు వినలేదు కాబోలు. భారతము ఆనుశాసనిక పర్వమున ఆ కథ కలదు. జమదగ్ని వినోదముగా బాణములు వేయుచుండగా రేణుక పరుగెత్తి వానిని ఏరి తెచ్చుచుండెను. మిట్టమధ్యాహ్నము తలయు కాళ్లును మాడగా చెట్టునీడను కొంతసేపు నిలిచి ఆలస్యముగా వచ్చెను. ముని సూర్యునిపై కోపింపగా, ఆతడు దిగివచ్చి గొడుగును పాదరక్షలను ఇచ్చెను. బాణము వేసినవాడు నిలుచున్న చోటనే యుండెను, నడచినది రేణుక.

జోళ్లు కొనునప్పుడు మెరుపు చూడరాదు, అట్ట చూడవలెను. జిగురుతో మాత్రమే అంటించిన అట్ట ప్రవరుని పాదలేపనము వంటిది. తడిసినచో నడియడవిలో విడిచిపోవచ్చును. పైతోలునకును అట్టకును నడుమ తోలుపట్టె వేసి కుట్టినదైనచో, అరిగిన అట్టను విప్పి వేరొకటి వేయించుకొనవచ్చును. అమెరికాలో లియాన్ బీన్ అనునతడు 1912లో రబ్బరు అడుగునకు తోలు కుట్టి, వేటగాండ్రకు నూరు జతలు అమ్మగా, కుట్లు వీడి తొంబది జతలు తిరిగివచ్చెనట. అతడు సొమ్ము తిరిగి యిచ్చి, మరల గట్టిగా కుట్టించెను. తేలికైన పాలియురిథేన్ అట్టలు తేమకు లోలోపల చెడి, తొడుగక దాచినను కొన్ని యేండ్లకు పొడియగును. కావున చవుకకు వచ్చినదని అంగట మూలబడిన సరకు కొనరాదు.

ఎత్తు చీలమండను దాటవలెను. మన దేశమున 2000 మొదలు 2019 వరకు పాముకాటున సుమారు 12 లక్షల మంది మరణించిరని అంచనా. కాట్లలో పెక్కు కాళ్లకే. ఈ లెక్క చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

కొలత సాయంకాలము, పాదము కొంత ఉబ్బిన వేళ, దళసరి మేజోళ్లతో చూడవలెను. మెట్లు దిగునప్పుడు వ్రేళ్లు ముందు తగులరాదు, ఎక్కునప్పుడు మడమ లేవరాదు. మేము చెల్లెలి పాదములు రెండును కాగితముపై గీసి తీసికొనిపోతిమి. తుదకు పంజాగుట్టలోనే, కొండలెక్కు స్త్రీల కొరకు ఆడుపాదపు అచ్చుపై కుట్టిన జత తెప్పించి యిత్తుమనిరి. ధర విని మావారు కళ్లద్దములు తీసి తుడుచుకొనిరి. బడిపంతులు జీతమున నెల సరకులకు పట్టు సొమ్మది. మరుమాట లేక ఇచ్చిరి.

పది దినములు ఇంటనే తొడిగి, మేడమెట్లు ఎక్కి దిగి, తోలును పాదమునకు అలవాటు చేసికొని వెళ్లినది. తడిసినచో పొయ్యి దగ్గర పెట్టక, పాత వార్తాపత్రికలు కుక్కి నీడను ఆరబెట్టుమని చెప్పి పంపితిమి.

మొన్న ఫోనులో కుశలమడుగగా మడమలు మానినవనెను. ఆమెకు ముందు నడచి త్రోవ చూపు చెంచు కాపలాదారునికి మాత్రము రబ్బరు చెప్పులేనట. అతని పాదముల కొలతయు కాగితముపై గీసి పంపుమంటిమి.