ఏడుపెంకులాట

ఏడుపెంకులాటకు కావలసిన సామగ్రి స్వల్పం: పగిలిన కుండపెంకులు, ఒక బంతి, వాహనాల రద్దీ లేని వీధి. ఒక జట్టు బంతితో పెంకుల దొంతరను పడగొట్టి, ప్రత్యర్థులు విసిరే బంతి తగలకుండా తిరిగి పేర్చాలి. బంతి తగిలిందా, లేదా అన్నచోటే తగవు. తీర్పు చెప్పడానికి పెద్దలెవ్వరూ ఉండేవారు కారు. వాదించి, అలిగి, చివరకు పిల్లలే రాజీపడేవారు. లేకుంటే ఆట సాగదు. పసివాణ్ణి ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకోవడమూ వారు ఏర్పరచుకొన్న ధర్మమే.

ఇటువంటి ఆటలలో కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో చేరింది. మైదానం, నియమావళి, న్యాయనిర్ణేతలు దానికి సమకూరాయి. వీధినే నమ్ముకొన్న ఏడుపెంకులాట వీధితోపాటే కనుమరుగవుతున్నది. దానితో, తమ తగవును తామే తీర్చుకొనే నేర్పూ పిల్లలకు దూరమవుతున్నది. ఏడు పెంకులు నేటికీ దొరుకుతాయి; పేర్చడానికి తీరికైన సాయంకాలమే కరవైంది.