రూపాయి లోపు వడ్డీ

జూన్, జులై వచ్చాయంటే మా రాయదుర్గంలో రెండే పలకరింపులు. "పదునైందా?" అని ఒకటి, "మీ పాపకు ర్యాంకెంత?" అని ఇంకోటి. మొదటిదానికి జవాబు మన చేతిలో లేదు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మాది. రెండోదానికి ఈసారి మా ఇంట్లోనే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ర్యాంకు గొప్పదీ కాదు, తీసేసేదీ కాదు. అందుకే ఇన్ని లెక్కలు.

దారులు రెండు కనిపించాయి. ఒకటి కన్వీనర్ కోటాలో అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో ఈసీఈ. మా ఆయన జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టర్. ఆదాయం రెండున్నర లక్షల లోపే కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, హాస్టలు ఖర్చు మాది. రెండోది బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ, కంప్యూటర్ సైన్సు. ఏడాదికి రెండు లక్షలు. పాప మనసు దాని మీదే.

ఆ యూనివర్సిటీ రంగుల పుస్తకం మా మరిది తెచ్చి ఇచ్చాడు. మొదటి పేజీలోనే, అందరికంటే పెద్ద జీతం వచ్చిన పిల్లవాడి ఫోటో. "మధ్యలో ఉన్న పిల్లకు ఎంతొచ్చిందప్పా?" అని అడిగితే పుస్తకమంతా తిరగేశాడు. ఎక్కడా లేదు. మనకు కావలసింది ఆ మధ్యలో పిల్లే కదా! చెనిక్కాయ రేటు అడిగితే మార్కెట్‌లో ఆ రోజు పలికిన అన్నిటికన్నా పెద్ద ధర చెప్పినట్టుంది ఇది.

బ్యాంకుకు వెళ్ళాం. వడ్డీ ఏడాదికి పది శాతం దగ్గర అన్నారు. మనకు శాతాలు అర్థం కావు గాని, మన వాడుకలోకి మార్చుకుంటే నూటికి నెలకు 83 పైసలు. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి విత్తనం వేసే ఊళ్ళో రూపాయి లోపు వడ్డీ అంటే ధర్మమే అనిపిస్తుంది. పైగా చదువు అయ్యేవరకు, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా కంతు కట్టక్కరలేదు. అక్కడే మనం ఊపిరి పీల్చుకుంటాం. కంతు ఆగుతుంది గాని వడ్డీ ఆగదు.

ఆ రాత్రి క్యాలెండర్ వెనక లెక్క వేశాను. ఏడాదికి రెండు లక్షల చొప్పున నాలుగేళ్ళకు ఎనిమిది లక్షలు. మొదటి ఏడు తీసుకున్నదానికి ఐదేళ్ళ వడ్డీ, రెండో ఏటిదానికి నాలుగేళ్ళు, తర్వాత మూడు, రెండు. చక్రవడ్డీ కాకుండానే రెండు లక్షల ఎనభై వేలు. కంతులు మొదలయ్యేనాటికి అప్పు 10 లక్షల 80 వేలు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు పద్నాలుగు వేల పైచిలుకు. మొత్తం కట్టేది పదిహేడు లక్షలు దాటుతుంది.

ఇక రాబడి. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి పెద్ద కంపెనీల్లో మామూలు కొత్త ఉద్యోగానికి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఇస్తున్నారు. పదేళ్ళుగా అది పెద్దగా కదల్లేదు. మా వీధిలో చెనిక్కాయ నూనె ధర కదిలినంత కూడా కదల్లేదు. అందులో పీఎఫ్ లాంటివి పోను చేతికి వచ్చేది నెలకు పాతిక వేలనుకోండి. బెంగళూరులో హాస్టలు, తిండి తొమ్మిది వేలు. కంతు పద్నాలుగు వేలు. మిగిలిన రెండు వేలల్లో బస్సు, ఫోను, బట్టలు, ఒంట్లో బాగాలేకపోతే మందులు. దసరాకు ఊరికి రావడానికి మేమే డబ్బు పంపాలి.

కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే చదువుకునే కాలానికి వడ్డీ కేంద్రమే భరించే పథకం ఒకటుంది. మీరూ బ్యాంకులో తప్పక అడగండి, షరతులు చదవండి. అది దొరికినా మాకు కంతు పది వేల ఐదు వందలు దాటుతోంది. అదొకటే కాదు, ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. మా దగ్గర ఉన్నది మా పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన ఇంటి స్థలం ఒకటే.

ఇంట్లో అసలు గొడవ దీని దగ్గరే వచ్చింది. "పెండ్లయినాక ఆ కంతులెవరు కట్టాల? అల్లుడా?" అని మా అత్తమ్మ. బ్యాంకు కాగితంలో రుణగ్రహీత పాపే, మేము ఆమెతో పాటు సంతకం పెట్టేవాళ్ళం. మా బంధువుల్లో ఒకబ్బాయికి ఇంతకన్నా పెద్ద అప్పు చేసినప్పుడు ఈ ప్రశ్న ఎవరి నోటా రాలేదు. నాకు ఒళ్ళు మండింది. కానీ నేనూ "వద్దు" అంటున్నదాన్నే. పాప నా ముఖంలోకి చూసి, "తమ్ముడికైతే తాకట్టు పెట్టేదానివి కదమ్మా" అంది.

దానికి నోటిమాటతో జవాబు చెబితే చాలదనిపించింది. క్యాలెండర్ కాగితం దాని ముందు పెట్టి, అంకె అంకె దాని చేతనే మళ్ళీ వేయించాను. తప్పు దొరికితే స్థలం కాగితాలు తీస్తానన్నాను. రెండు చోట్ల పైసలు సవరించింది, కంతు మాత్రం తగ్గలేదు. కింద నేను "తమ్ముడికీ ఇదే లెక్క" అని రాసి బీరువా తలుపు లోపల అంటించాను. వాడింకా తొమ్మిదో తరగతి. చదివి, "నాకేం చెప్పకుండా నా మీద రాశారే" అన్నాడు.

అప్పే చెడ్డదని నేననను. పేరున్న ప్రభుత్వ సంస్థలో సీటు వస్తే నాలుగు లక్షల అప్పుకు నేనే ముందు సంతకం పెడతాను. మొత్తం అప్పు మొదటి ఏడాది జీతం దాటకుండా ఉంటే పిల్ల మోయగలదు. దాటితే నచ్చని ఉద్యోగం మానలేదు, పై చదువు ఊహించలేదు, పెళ్ళి మాటల్లో తల ఎత్తలేదు. ఈసీఈ చదివినా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళేవాళ్ళు బోలెడు. గేట్‌లో మంచి స్కోరు వచ్చి ఎంటెక్ సీటు దొరికితే నెలకు 12,400 రూపాయలు వాళ్ళే ఇస్తారు. ఇది పాపే వెతికి చెప్పింది, కాస్త ముక్కు చీదుతూనే.

రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీవాళ్ళు మనల్నే కట్టమంటారని పక్కింటి అక్క అనుభవం మీద చెప్పింది. అందుకు కొంత చేతిలో ఉంచుకోవాలి. హాస్టలుకు వచ్చే నెల చీటీ పాడాలి. ఈసారి పోటీ గట్టిగానే ఉంటుంది, మా వీధిలో ఇంకా నలుగురికి సీట్లొచ్చాయి మరి.