ఫ్రేజియర్ మావాడు

1971 మార్చిలో మా సికింద్రాబాద్ సీతాఫల్‌మండి అంతటా ఎలక్షన్ల ముచ్చటే. రెండేళ్ల కింద ఉస్మానియా యూనివర్సిటీని ఊపేసిన ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి ఇంకా చల్లారలేదు. తెలంగాణ ప్రజా సమితికి ఎన్ని సీట్లొస్తాయని ఇంటింటా లెక్కలు వేసేవాళ్లు. చివరికి 10 వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇరానీ హోటల్లో ఇంకో పోటీ గురించి కూడా వాదులాట నడిచింది. మార్చి 8న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడుతున్నారు. ఇద్దరూ ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగరు. చెరొకరికి 25 లక్షల డాలర్లు.

హోటల్లో అందరూ అలీ పక్షమే. టైలర్ భాయ్ ఉర్దూ పేపరు గట్టిగా చదివి వినిపించేవాడు, చాయ్ చల్లారిపోతున్నా చుట్టూ మూగినవాళ్లు కదిలేవాళ్లు కాదు. వియత్నాం యుద్ధానికి పోనని 1967లో తెగేసి చెప్పి, బిరుదూ లైసెన్సూ పోగొట్టుకుని, మూడేళ్ల పైచిలుకు రింగుకి దూరమైన మనిషి అలీ. పైగా అందగాడు, మాటకారి. అమెరికాలో సగం మంది అతను చిత్తుగా ఓడితే చూడాలని కాచుకుని ఉంటే, ఇక్కడ మాకు అతనే హీరో. హీరో ఉన్నాక విలన్ ఉండాలి కదా. అప్పటి సినిమాల్లో రాజనాల తెరమీదికి రాగానే నేల క్లాసు మొత్తం తిట్లు లంకించుకున్నట్టు, ఫ్రేజియర్ పేరు వినపడితే చాలు, మా గల్లీ పిల్లలు కూడా ఉమ్మేసేవాళ్లు.

ఫ్రేజియర్ గెలవాలని కోరుకున్నది అక్కడ ఒక్కడే, మా నాయిన.

నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కమ్మరి పని చేసేవాడు. పొద్దున సైరన్ మోగేలోపు గేటు దాటాలి. సాయంత్రం ఇంటికొచ్చి బకెట్ నీళ్ల ముందు కూర్చుంటే ముందుగా చేతులే కడిగేవాడు, చాలాసేపు. కుడి అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర కాయలు కాచి, పచ్చగా, గాజుపెంకుల్లా మెరిసేవి. బ్లేడుతో వాటిని చెక్కుకుంటూ ఫ్రేజియర్ గురించి చెప్పేవాడు. "అలీ మాట్లాడతడు బిడ్డా. వీడు మాట్లాడడు, పని చేస్తడు. గంతే."

నాయినకు ఆ సంగతులన్నీ మా మేనమామ ద్వారా తెలిసేవి. మామ ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదువుకుంటూ హాస్టల్లో ఉండేవాడు. 1964 నుంచీ ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది, దాని లైబ్రరీ అంటే మామకు ప్రాణం. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు వెతికేవాడు. రాత్రి మా ఇంటి ముందు నులకమంచం మీద పడుకుని ఫ్రేజియర్ కథ చెప్పేవాడు. దక్షిణ కరోలినాలో పేద రైతుకూలీ ఇంట్లో పుట్టాడు. తండ్రికి ఎడమ చెయ్యి లేదు, రంపం పట్టాలంటే రెండో కొస ఈ పిల్లాడే పట్టుకోవాలి. చిన్నప్పుడు పంది తరిమితే కిందపడి ఎడమ మోచెయ్యి దెబ్బతిన్నది, వైద్యం చేయించే స్తోమత లేక అది వంకరగానే అతుక్కుంది, మళ్లీ ఎన్నడూ పూర్తిగా చాపుకోలేకపోయాడు. ఫిలడెల్ఫియాకు వలసపోయి కబేళాలో పని చేశాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లాల్సిన వాడు గాయపడితే ఇతన్ని పంపారు. ఎడమ బొటనవేలు విరిగినా ఎవరికీ చెప్పకుండా ఫైనల్ ఆడి బంగారు పతకం తెచ్చాడు. ఆ వంకర ఎడమ చేతి నుంచే వచ్చింది అతని లెఫ్ట్ హుక్.

ఇంకో సంగతి విన్నప్పుడు నాయిన లేచి కూర్చున్నాడు. అలీ నిషేధంలో ఉన్నన్నాళ్లూ అతనికి లైసెన్సు తిరిగివ్వాలని ఫ్రేజియర్ మాట్లాడాడు, చేతికి డబ్బు కూడా ఇచ్చాడు. ఆ అలీయే తీరా పోటీ ఖాయమయ్యాక ఫ్రేజియర్‌ను తెల్లోళ్ల తొత్తు అన్నాడు, అనాకారి అన్నాడు, బుర్రలేనివాడన్నాడు. పొలంలో, కబేళాలో ఒళ్లు హూనం చేసుకున్న నల్లమనిషిని పట్టుకుని, అతను తన జాతికే ద్రోహి అని లోకాన్ని నమ్మించాడు. లోకం నమ్మింది. సీతాఫల్‌మండి దాకా నమ్మింది.

అలీ గొప్పవాడు కాదని నేననను. అంత ధైర్యం చేసిన ఆటగాళ్లు అరుదు. కానీ ప్రేక్షకుల ద్వేషం పిడికిలిని చూసి పుట్టదని, ఎవరి కథ ఎవరు చెబుతున్నారో దాన్నిబట్టి పుడుతుందని నాకు ఫ్రేజియర్ వల్లే తెలిసింది. 1910లో రెనోలో నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్ ఓడితే చూడాలని తెల్లవాళ్లు విరగబడి వచ్చారు, రిటైరైన తెల్ల మాజీ చాంపియన్ జెఫ్రీస్‌ను వెతికి తెచ్చి మరీ దించారు. జాన్సన్ గెలిచాడు. గెలిచినందుకు ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. సోనీ లిస్టన్ 1962లో చాంపియన్ అయి విమానం దిగితే, తానుంటున్న ఊళ్లో స్వాగతం చెప్పడానికి జనమే రాలేదు. జైలుకు పోయొచ్చినవాడని.

మార్చి 8 ఫైటు 15 రౌండ్లూ సాగింది. ఫ్రేజియర్ గెలిచాడు. ఆ కబురు తెలిసిన రోజు నాయిన హోటల్‌కు పోలేదు. ఇంటికే జిలేబీ తెచ్చి మా అందరికీ పెట్టాడు, టైలర్ భాయ్ ఇంటికి మాత్రం పంపలేదు. ఓడినవాళ్లింటికి మిఠాయి పంపితే ఎక్కిరించినట్టు ఉంటదన్నాడు.

కొన్ని నెలలకు మామ ఆబిడ్స్ నుంచి పాత లైఫ్ పత్రిక తెచ్చాడు. ఆ ఫైటు ఫొటోలు కొన్ని పాటగాడు ఫ్రాంక్ సినాత్రా తీశాడని మామ చెప్పాడుగాని, ఆ పేరు మాకు కొత్త. నా కళ్లు బూట్ల మీద పడ్డాయి. అలీ తెల్ల బూట్లకు ఎర్ర కుచ్చులు. 15వ రౌండులో ఫ్రేజియర్ లెఫ్ట్ హుక్ దవడకు తగిలి అలీ వెల్లకిలా పడిపోతే, ఆ కుచ్చులే గాల్లోకి లేచాయట. అలీ వెంటనే లేచి నిలబడ్డాడు. నాయిన ఆ పేజీలు చూసి, "లేచిండు చూడు, లేచుడు గూడ పనే," అన్నాడు. అలీ గురించి నాయిన నోట నేను విన్న ఒకే ఒక్క మెచ్చుకోలు అది.

రైలు పట్టాల పక్క ఖాళీ జాగాలో చేతులకు తువాళ్లు చుట్టుకుని మేమూ బాక్సింగ్ ఆడేవాళ్లం. అలీ అవుతానని పదిమంది పోటీ పడేవాళ్లు. ఫ్రేజియర్ ఎప్పుడూ నేనే. తల వంచుకుని, భుజాలు ఊపుకుంటూ ముందుకు నడవాలి, వెనక్కి అడుగు వెయ్యకూడదు. చుట్టూ ఉన్న పిల్లలంతా "మార్, మార్" అని అరిచేది అవతలివాడి కోసం. ఒక్క గొంతైనా మన కోసం అరవని చోట నిలబడి కొట్లాడటంలో ఒక రోషం ఉంటుంది. ముక్కు పగిలినా ఆ రోషం నాకు ఇష్టంగా ఉండేది.

1975 అక్టోబర్ 1న మనీలాలో మూడోసారి తలపడ్డారు. 1974లో రెండోది అలీ గెలిచాడు. ఈసారి అలీ రబ్బరు గొరిల్లా బొమ్మ జేబులో పెట్టుకుని తిరుగుతూ, అదే ఫ్రేజియర్ అని విలేకరుల ముందు దాన్ని గుద్దేవాడు. ఉడికిపోయే ఉక్కలో 14 రౌండ్లు కొట్టుకున్నారు. ఫ్రేజియర్ ఎడమ కంటికి ముందునుంచే చూపు సరిగా లేదు, దెబ్బలకు కుడి కన్నూ వాచి మూసుకుపోయింది. 15వ రౌండుకు లేవబోతుంటే అతని ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఆపేశాడు. ఫ్రేజియర్ ఒప్పుకోలేదు, బతిమాలాడు. ఎడ్డీ వినలేదు. ఆ వార్త విన్న సాయంత్రం టైలర్ భాయ్ మా ఇంటికొచ్చి నాయిన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "తుమారా ఆద్మీ షేర్ హై," అన్నాడు. ఇద్దరూ బీడీలు వెలిగించుకున్నారు.

ఫ్రేజియర్‌ను అన్న మాటలకు అలీ 2001లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అప్పటికి నాయిన లేడు. 2011 నవంబర్‌లో ఫ్రేజియర్ పోయాడు. ఫిలడెల్ఫియాలో రాకీ అనే సినిమా బాక్సర్‌కు ఏనాడో విగ్రహం వెలిసింది. ఆ ఊళ్లోనే బతికి, ఆ ఊళ్లోనే పోయిన ఫ్రేజియర్‌కు మాత్రం 2015 దాకా విగ్రహం లేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే.

2019లో ఆ కోపం మన నిజామాబాద్ పిల్ల కోసం మళ్లీ వచ్చింది. ఒలింపిక్ క్వాలిఫయర్లకు ఎవరు పోవాలో ట్రయల్ పెట్టి తేల్చండి అని బాక్సర్ నిఖత్ జరీన్ క్రీడా మంత్రికి ఉత్తరం రాసింది. ఆమె అడిగింది అంతే. అవతల ఉన్నది ఆరుసార్లు ప్రపంచ చాంపియన్ మేరీ కోమ్, దేశానికే ఆరాధ్యురాలు. దాంతో ఫోన్లలో నిఖత్ మీద తిట్లవాన కురిసింది. తార్నాక చాయ్ బండి దగ్గర ఇద్దరు కుర్రాళ్లు "ఎవరామె? మేరీ కోమ్‌నే అడిగేంతదా?" అంటుంటే, కూర్చోబెట్టి ఫ్రేజియర్ కథ మొత్తం చెప్పాను. వాళ్ల బస్సు వచ్చి వెళ్లిపోయింది, వాళ్లు కదల్లేదు.

డిసెంబర్‌లో ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 9-1తో ఓడింది. మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి మార్చిలో మళ్లీ అయింది, అదే ఢిల్లీలో. ఈసారి హాలంతా అరిచింది ఆమె కోసమే.