ఏడాదికోసారి చెకప్‌కు ఎవరి దగ్గరికి పోవాలె?

మా నల్లగొండ దిక్కు "లేడీ డాక్టర్" అంటే గైనకాలజిస్ట్ అనే అర్థం. కాన్పులు చేసేది, పిల్లలు కాకపోతే చూసేది ఆమె. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నాక ఆ గడప తొక్కేవాళ్లు తక్కువ. తర్వాత జ్వరమొచ్చినా, బీపీ పెరిగినా ఇంటిల్లిపాదికీ జనరల్ డాక్టరే. ఈ మధ్య నలభై దాటిన ఆడవాళ్లు పెళ్లిళ్లలో కలిస్తే ఒకటే అడుగుతున్నారు: ఏ రోగం లేకున్నా చెకప్ చేయించుకోవాలంటున్నరు కదా, ఇద్దరిలో ఎవరి దగ్గరికి?

ముందు ఏం చూపించుకోవాలో తెలిస్తే ఎవరికి చూపించుకోవాలో తేలుతుంది.

బీపీ, షుగర్, రక్తం శాతం, థైరాయిడ్, బరువు. ఏడాదికోసారి చూసుకోవాల్సినవి ఇవి, వీటికి జనరల్ డాక్టర్ చాలు. మోకాళ్లు నొస్తే "నీళ్ల వల్లే" అనుకోవడం మనకు అలవాటు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు అది నిజమే కావచ్చు. కానీ నెలసరి ఆగాక ఎముకలు పలచబడతాయి. థైరాయిడ్ తగ్గినా ఒళ్లు నొప్పులొస్తాయి. రక్తం తక్కువైనా మెట్లెక్కితే ఆయాసమొస్తుంది. అన్నిటినీ కలిపి చూసేది జనరల్ డాక్టరే.

ఇక రెండో రకం: గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, నోరు. ఈ మూడు క్యాన్సర్ల కోసం 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లను అయిదేళ్లకోసారి చూడాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్ అద్ది, రంగు మారిందా అని చూస్తారు. శిక్షణ ఉన్న నర్సు కూడా చేయగల పరీక్ష ఇది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ పరీక్ష ఇంకా మేలంటోంది. అది 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి చేయించుకుంటే చాలు. అంటే దీనికి గైనకాలజిస్టే కావాలని లేదు, ఏటేటా పోవాలనీ లేదు. కాకపోతే టౌన్‌లో చాలా జనరల్ క్లినిక్కుల్లో దీనికి తగిన గదీ, పక్కన ఆడ నర్సూ ఉండరు. అందుకే చివరికి గైనకాలజిస్ట్ దగ్గరికే పోవాల్సి వస్తుంది.

ఈ ఇబ్బంది సర్కారుకూ తెలుసు. 2023 మార్చి 8న తెలంగాణలో "ఆరోగ్య మహిళ" మొదలుపెట్టినప్పుడు, 100 కేంద్రాల్లో ప్రతి మంగళవారం ఆడవాళ్లకే కేటాయించి, ఆడ డాక్టర్లనే పెట్టారు. షుగర్, రక్తహీనత, క్యాన్సర్ పరీక్షలు, నెలసరి బాధలు, మెనోపాజ్ అన్నీ ఒక్కచోటే. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దగ్గరలో ఈ పరీక్షలు ఎక్కడ చేస్తున్నారో చెబుతుంది.

అసలు చిక్కు మాత్రం డాక్టర్ల మధ్య కాదు, మన నోటి దగ్గరుంది. మా ఆడబిడ్డది దేవరకొండ పక్క పల్లె. 56 ఏళ్లు. బీపీ గోలీలకు నెలనెలా ఒకే డాక్టర్ దగ్గరికి పోతుంది, పదిహేనేళ్ల పరిచయం. నెలసరి ఆగి ఐదేళ్లయినంక మళ్లీ మరకలు కనబడ్డాయి. మూడు నెలలు గోలీలకు పోయింది, మూడుసార్లూ చెప్పకుండానే వచ్చింది. "ఆయన మా నాయన లెక్క. ఎట్ల చెప్పాలె పిల్లా?" అన్నది నాతోని. ఆ వారంలోనే నల్లగొండలో గైనకాలజిస్ట్‌కు చూపించాం. స్కానింగ్ చేసి, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. చివరికి అది క్యాన్సర్ కాదు, పాలిప్ అని తేలింది. తీసేశారు.

ఆ పది రోజుల్లో మా వదిన మాట ఒకటే: "గర్భసంచి తీసెయ్యమను, పీడ పోతది." ఆ డాక్టరమ్మ మాత్రం రిపోర్టు రానిదే ఆ మాటే ఎత్తనన్నది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద వందకు ముగ్గురైతే, తెలంగాణలో ఎనిమిది మంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. "గైనకాలజిస్ట్ దగ్గరికి పోతే ఆపరేషన్ అంటరు" అన్న భయం ఊరికే పుట్టలేదు. దానికి మందు పోకుండా ఉండడం కాదు. ఆపరేషన్ అంటే, ఎందుకని అడిగి, రిపోర్టులు పట్టుకొని ఇంకో డాక్టర్‌కు చూపించుకోవడం.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. ఏటా ఒకసారి జనరల్ డాక్టర్. అయిదేళ్లకోసారి క్యాన్సర్ పరీక్ష, ఎక్కడ ఆడవాళ్లు చేస్తే అక్కడ. నెలసరి ఆగాక మరక కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడ్డా, నెలసరి మధ్యలో రక్తం కనిపించినా, వాసనతో తెల్లబట్ట అయినా నేరుగా గైనకాలజిస్టే. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఎవరు ముందు దొరికితే వాళ్లకు ఆ వారమే చూపించాలి, సర్జన్‌కు వాళ్లే పంపిస్తారు. మగ డాక్టర్‌కు చెప్పలేకపోతే ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. మా వదిన ఇప్పుడు బీపీ గోలీలకు పోయినప్పుడు అదే చేస్తున్నది.