భాషయు భావమును

ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచి నేను పనిలో ప్రవేశించిన తొలి సంవత్సరమున జరిగిన చిన్న సంగతి యిది. ఇరువది యేండ్లు దాటినను నన్ను విడువలేదు.

విజ్ఞానశాస్త్రపు గదిలో ఏడవ తరగతి బాలుని చేతినుండి గాజు బీకరు జారి క్రిందపడెను. "ఎవరు పగులగొట్టినది?" అని గద్దించితిని. వాడు లేచి, "పగిలిందండి" అనెను. తప్పించుకొన జూచుచున్నాడని తలంచితిని. ఆ తరగతికి ఆంగ్లము బోధించువాడనును నేనే. ఆంగ్లేయుడైనచో "ఐ బ్రోక్ ఇట్" అని సూటిగా నొప్పుకొనును గదా, మనవారికే యీ డొంకతిరుగుడు మాటలని కోపము వచ్చినది. "నేను పగులగొట్టితిని" అని యందరియెదుట చెప్పువరకు వరండాలో నిలువుమంటిని. సాయంకాలపు గంట మ్రోగువరకు నిలిచెనే కాని వాడామాట అనలేదు.

మరునాడు వాని తల్లి వచ్చినది. కొంగుముడి విప్పి సొమ్ము బల్లపై నుంచి, "మావాడు పగలగొట్టలేదయ్యగారూ. వాడి చేతిలో పగిలింది. దాని ఖరీదు తీసుకోండి" అన్నది.

నష్టము భరించుటకు ఆమె వెనుదీయలేదు. ఆ యొక్క క్రియాపదమును మాత్రము అంగీకరింపలేదు. అప్పుడు గాని నాకు తట్టలేదు. 'పగులగొట్టు' అను మాటలో 'కొట్టు' ఉన్నది. వినువారికది కోరి చేసిన పనివలె తోచును. 'పగులు' అనునది వేరు. పాలు ఒలుకుట వేరు, ఒలకబోయుట వేరు. ఆంగ్లమున 'బ్రేక్' అను నొక్క మాటయే రెండు విధములకును చెల్లును. అబద్ధమాడనని నిలిచిన బాలుని అబద్ధికుడని శిక్షించితిని!

తరువాత ఈ విషయమును గూర్చి దొరకినంతవరకు చదివితిని. భాషను బట్టి చూపు మారునని వాదించిన వారిలో ప్రసిద్ధుడు బెంజమిన్ లీ వోర్ఫ్ అను అమెరికా దేశస్థుడు. 1941లో మరణించిన యీయన జీవనోపాధికి అగ్నిప్రమాద భీమా సంస్థలో ఉద్యోగి. పెట్రోలు పీపాలను 'ఖాళీ' యనుటచేతనే జనులు వాని చెంత నిర్భయముగా పొగత్రాగుదురనియు, ఆవిరి నిండిన ఖాళీ పీపాయే మిక్కిలి అపాయకరమనియు ఆయన గమనించెను. ఒక్క మాట యెంత పని చేసినది!

2011లో ఫాసే, బొరొడిట్‌స్కీ అను నిరువురు పరిశోధకురాండ్రు ప్రకటించిన పరీక్ష నాకు మరింత సమీపముగా తోచినది. స్పానిషు భాషవారును పొరపాటున జరిగిన దానిని మనవలెనే 'పగిలినది' అను రీతిని తరచుగా చెప్పుదురు. కోరి చేసిన పనులను చలనచిత్రములలో చూచినప్పుడు, కర్త యెవరో ఆంగ్లభాషులును స్పానిషువారును సమానముగనే జ్ఞాపకముంచుకొనిరి. పొరపాట్ల విషయమున మాత్రము ఆంగ్లభాషుల జ్ఞాపకమే మెరుగుగా నుండెను. ఇంతమాత్రమున భాష మనస్సునకు సంకెల యనరాదు. నేటి పండితులలో పెక్కుమంది అట్లు తలంపరు. ఆంగ్లమునను 'ఇట్ బ్రోక్' అనవచ్చును. అలవాటు ఏవంక లాగునన్నదే ప్రశ్న.

ఆ తల్లి సొమ్ము నేను తీసికొనలేదు. రెండు దినముల పిమ్మట బాలుడు బడికి వచ్చెను. వానిని ఒంటరిగా పిలిచి, ఎంతయో చెప్పవలెనని తలచి, తుదకు "పొరపాటు జరిగినదిరా" అంటిని. "పొరపాటు చేసితిని" అనుటకు నోరు రాలేదు. వాడు తలయూపి తన బల్లకు పోయెను.